‘ట’ ఎక్కడ రాలిపోయింది?

మా ఆఫీసులో లిఫ్టు పక్కన ఒక తెల్లబోర్డు ఉండేది. ఒకప్పుడు మీటింగుల వేళలు దాని మీదే రాసేవాళ్ళు. అవన్నీ ఫోన్లలోకి వెళ్ళిపోయాక బోర్డు ఊరికే గోడకు వేలాడుతూ మిగిలింది. ఖాళీ బోర్డు, పక్కనే మార్కరు కనిపిస్తే చెయ్యి ఊరుకోదు కదా. ఒక సోమవారం పొద్దున పైన ‘ఈ రోజు ముక్క’ అని రాసి, కింద ఒక వాక్యం రాశాను. ఏం రాశానో గుర్తులేదు. లిఫ్టు కోసం నిలబడ్డ ఇద్దరు అది చదివి “అవునా!” అనుకోవడం మాత్రం గుర్తుంది. ఆ “అవునా!” కోసం ఆ తర్వాత మూడేళ్ళు రాశాను.

ఒక మాట పుట్టుపూర్వోత్తరాలు, ఒక పాత తేదీ, ఒక వింత అంకె. రోజుకొకటి. లిఫ్టు వచ్చేలోపు చదవడం అయిపోవాలి, నాకున్న నియమం అదొక్కటే. ఆ నియమమే నా కొంప ముంచింది.

ఒక సెప్టెంబర్ ఒకటో తారీఖున ఇలా రాశాను: “సప్త, అష్ట, నవ, దశ. సెప్టెంబర్, అక్టోబర్, నవంబర్, డిసెంబర్. ఇంగ్లిషు నెలల పేర్లు సంస్కృతం నుంచి వచ్చాయి.” ముందురోజు రాత్రి ఫోన్లో వచ్చిన మెసేజే. చదవగానే ఒళ్ళు పులకరించింది, అలాగే దించేశాను. ఆ రోజు బోర్డుకి ఫొటోలు తీసుకున్నవాళ్ళు కూడా ఉన్నారు.

అకౌంట్స్‌లో ఒక పెద్దాయన ఉండేవారు. రిటైర్మెంటుకి దగ్గరపడ్డ మనిషి, మాట తక్కువ. బోర్డు మొదలుపెట్టినప్పటి నుంచీ నన్ను మేష్టారూ అని పిలిచేవారు. ఆ రోజు లిఫ్టు వచ్చినా ఎక్కకుండా, బోర్డు రెండుసార్లు చదివి నా బల్ల దగ్గరికి వచ్చారు.

“మేష్టారూ, సెప్టెంబర్‌లో ఉన్నది సప్తే అన్నారు కదా?”

“అవునండీ.”

“మరి మనం ఏడు అంటున్నాం ఎందుకని? సంస్కృతాన్ని ఆనుకుని ఉన్న మనమే ఆ అంకె తీసుకోలేదు. అంతదూరం నుంచి వాళ్ళొచ్చి తీసుకెళ్ళారా?”

నేను నీళ్ళు నమిలాను.

“ఊరికే అడిగాను లెండి. ఎవరు చెప్పారో కనుక్కుని చెప్పండి” అని వెళ్ళిపోయారు. వెక్కిరింపు లేదు ఆ గొంతులో. నిజంగానే తెలుసుకుందామని అడిగారు. అందుకే ఎక్కువ గుచ్చుకుంది.

ఆ రాత్రి వెతికితే తేలింది. లాటిన్‌లో సెప్టెమ్, ఆక్టో, నోవెమ్, డెకెమ్ అంటే ఏడు, ఎనిమిది, తొమ్మిది, పది. రోమన్ల పాత ఏడాది మార్చితో మొదలయ్యేది కాబట్టి ఆ నెలలకి ఆ అంకెలు. సప్తకీ సెప్టెమ్‌కీ పోలిక ఉన్న మాట నిజమే. అయితే అది తల్లీబిడ్డల పోలిక కాదు, అన్నదమ్ముల బిడ్డల పోలిక. 1786లో కలకత్తాలో అక్కడి ఇంగ్లిషు జడ్జి విలియం జోన్స్ చేసిన ప్రసంగం దీనికి పేరు పొందింది. సంస్కృతం, గ్రీకు, లాటిన్ మూడూ ఒకే మూలం నుంచి వచ్చి ఉండాలి, ఆ మూలం బహుశా ఇప్పుడు లేకపోవచ్చు అన్నాడాయన. ఆ ‘బహుశా’ని గుర్తుపెట్టుకోండి, దానితో పనుంది.

పెద్దాయన ప్రశ్నకి జవాబు ఇంకో ముప్ఫై ఏళ్ళకి వచ్చింది. 1816లో మద్రాసులో అచ్చయిన క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణానికి అక్కడి కలెక్టరు ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ ముందుమాట లాంటిది రాశాడు. తెలుగు, తమిళం, కన్నడాల ధాతువుల్ని పక్కపక్కన పేర్చి, ఇవి ఒక ఇంటివనీ సంస్కృతం నుంచి పుట్టినవి కావనీ చూపించాడు. కాల్డ్వెల్ ద్రావిడ భాషల పుస్తకం వచ్చింది 1856లో, అంటే దీనికి నలభై ఏళ్ళ తర్వాత. మన ఏడు తమిళ, కన్నడాల్లో కూడా దాదాపు ఏడే. ఒక రెండు అక్షరాల అంకెని పట్టుకుని పెద్దాయన నేరుగా భాషాకుటుంబం గుమ్మం దగ్గరికి వెళ్ళి తలుపు తట్టారు. నా ముక్క ఆ వీధిలోకే వెళ్ళలేదు.

ఇదే నెలల మీద ఇంకో ముక్క కూడా తిరుగుతుంటుంది: జూలియస్ సీజర్, ఆగస్టస్ తమ పేర్లతో రెండు నెలలు మధ్యలో దూర్చారు, అందుకే ఏడోది తొమ్మిదోది అయింది అని. వాళ్ళు కొత్త నెలలేమీ దూర్చలేదు. ఉన్న క్వింటిలిస్, సెక్స్‌టిలిస్‌లకే పేర్లు మారాయి, క్రీ.పూ. 44లో ఒకటి, క్రీ.పూ. 8లో ఇంకొకటి. లెక్క రెండు స్థానాలు జరగడానికి కారణం ఏడాది మొదలు మార్చి నుంచి జనవరికి మారడం. అంతే, దీని మీద ఇంతకంటే అక్కర్లేదు.

నన్ను నిద్రపట్టనివ్వనిది తప్పు రాయడం కాదు. తప్పు అందరూ రాస్తారు. ఆ మెసేజ్ సంగతి లిఫ్టులో ఎవరితోనైనా నోటితో చెప్పి ఉంటే నేను ఏమనేవాణ్ణి? “నెలల పేర్లు సంస్కృతం నుంచి వచ్చాయట” అనేవాణ్ణి. తప్పకుండా ‘ట’ పడేది. నేను ఆలోచించకపోయినా నా నాలుక ఆలోచించేది. మార్కరు పట్టుకునేసరికి ఆ ‘ట’ రాలిపోయి “వచ్చాయి” మిగిలింది.

మన భాషలో ఇంత పొదుపైన పరికరం ఇంకోటి లేదేమో. ‘వాడొచ్చాడు’ అంటే నాకు తెలుసు. ‘వాడొచ్చాడట’ అంటే నాకు ఇంకొకరు చెప్పారు, బాధ్యత నాది కాదు. ఒక్క అక్షరం. ఇంగ్లిషువాళ్ళకి ఇదే మాట చెప్పాలంటే ముందు నాలుగైదు మాటలు తగిలించాలి. అసలు మన కథల మొదటి మాటే ఇది. ‘అనగనగా’ అంటే ఏమిటి? అనగా, అనగా. ఎవరో అంటుండగా, ఇంకెవరో అంటుండగా విన్నది. రాజుగారు, ఏడుగురు కొడుకులు, వేట, ఎండబెట్టిన చేపలు అన్నీ ఆ తర్వాతే. పిల్లలకి చెప్పే కథకే ముందుగా ‘ఇది విన్నమాట సుమా’ అని చెప్పి మొదలుపెట్టిన జాతి మనది. అబద్ధం అని ఒప్పుకున్న చోట పెట్టిన జాగ్రత్త, నిజం అని చెప్పుకునే చోట పెట్టడం లేదు.

ఈ సౌకర్యం మన ఒక్కళ్ళదే కాదు. టర్కీవాళ్ళు ‘గెల్దీ’ అంటే వచ్చాడు, ‘గెల్మిష్’ అంటే వచ్చాడట. కొలంబియా, బ్రెజిల్ సరిహద్దు అడవుల్లో తుయుకా అని ఒక భాష ఉంది. అందులో ఒక మనిషి ఫుట్‌బాల్ ఆడాడు అని చెప్పాలంటే క్రియ చివర ఐదు రకాల ముగింపుల్లోంచి ఒకటి ఎంచుకోవాలి. ఆడుతుంటే చూశాను. చూడలేదు గానీ ఆట చప్పుడు విన్నాను. ఆడిన ఆనవాళ్ళు కనిపించాయి. ఎవరో చెప్పారు. ఆడే ఉంటాడు, అలా అనుకోవడం సబబు. ఈ ఐదింట్లో ఏదో ఒకటి చెప్పకుండా వాక్యం ముగియదు. నీకెలా తెలుసు అన్న ప్రశ్నకి జవాబు వ్యాకరణమే గుంజుకుంటుంది. ఆ భాషలో నా బోర్డు నడిచి ఉంటే నేను సెప్టెంబర్ ముక్కకి నాలుగో ముగింపు పెట్టేవాణ్ణి, పెద్దాయనకి కష్టం తప్పేది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఇలాంటి ముక్కల్ని చిన్నచూపు చూసేవాళ్ళు ఉన్నారు. అది చిల్లర జ్ఞానం, క్విజ్ పోటీలకి తప్ప దేనికీ పనికిరాదు, పుస్తకాలు చదివితే చాలు అంటారు. నేను ఒప్పుకోను. పుస్తకం దగ్గరికి మనిషిని నడిపించేది ఎప్పుడూ ఒక ముక్కే. నేను ఎల్లిస్ దగ్గరికి వెళ్ళింది ఒక తప్పుడు ముక్క పట్టుకునే. కాబట్టి ముక్కలతో నాకు పేచీ లేదు. ముక్కని ఎక్కడి నుంచి విరిచారో చెప్పకపోవడంతోనే పేచీ.

పెద్దాయన దెబ్బకి నేను ఎటు తిరిగానంటే, నమ్మడం మానేసి కొట్టేయడం మొదలుపెట్టాను. వారం వారం ఏదో ఒక ప్రసిద్ధమైన నమ్మకాన్ని పట్టుకుని “ఇది అబద్ధం” అని రాసేవాణ్ణి. ఇందులో మజా ఎక్కువ. “అవునా!” ఇంకా గట్టిగా వినిపిస్తుంది. ఆ ఊపులో ఒకరోజు “న్యూటన్ ఆపిల్ పండు కథ కట్టుకథ” అని రాశాను.

అదీ తప్పే.

విలియం స్ట్యూక్లీ అని ఒక వైద్యుడు ఉండేవాడు. పాత రాళ్ళు, పాత కట్టడాలు అంటే పిచ్చి. న్యూటన్‌కి స్నేహితుడు. 1726 ఏప్రిల్ 15న న్యూటన్ ఇంటికి వెళ్ళాడు. భోజనాలయ్యాక ఎండ హాయిగా ఉందని ఇద్దరూ తోటలోకి వెళ్ళి, ఆపిల్ చెట్ల నీడలో టీ తాగుతూ కూర్చున్నారు. అప్పుడు న్యూటన్, గురుత్వాకర్షణ ఆలోచన తట్టిన రోజు కూడా నేను సరిగ్గా ఇలాగే ఉన్నాను, ఒక ఆపిల్ పడింది, అది నిటారుగా కిందికే ఎందుకు పడాలి అనిపించింది అని చెప్పాడు. స్ట్యూక్లీ దాన్ని న్యూటన్ జీవితం గురించి 1752లో కూర్చిన రాతలో నమోదు చేశాడు. ఆ రాతప్రతి రాయల్ సొసైటీలో ఉంది, 2010లో ఆన్‌లైన్‌లో కూడా పెట్టారు. న్యూటన్ నోట ఈ సంగతి విన్నవాళ్ళలో స్ట్యూక్లీ ఒక్కడే కాదు, న్యూటన్ మేనకోడలి భర్త కాండ్విట్ కూడా రాశాడు.

పండు నెత్తిన పడలేదు. పడగానే సూత్రం ఊడిపడలేదు, ఆ సూత్రం ఉన్న ఆయన పుస్తకం ప్రిన్సిపియా వచ్చింది 1687లో, ప్లేగు రోజుల్లో పండు పడిన ఇరవై ఏళ్ళకి. చెట్టు మాత్రం ఉంది, పండూ ఉంది, ఆ సంగతి న్యూటనే చెప్పాడు. ఇంకా గట్టిగా పట్టుకుంటే, చెప్పేనాటికి ఆయనకి 83 ఏళ్ళు. అరవై ఏళ్ళ కిందటి మధ్యాహ్నాన్ని గుర్తుచేసుకుంటున్నాడు. మన జ్ఞాపకాలు మనకే ఎంత ‘ట’ గా మారిపోతాయో నలభై దాటిన ఎవరికైనా తెలుసు. కాబట్టి సరైన వాక్యం ఇది: న్యూటన్ చెప్పాడని స్ట్యూక్లీ రాశాడు. ఇందులో ఎవరు, ఎప్పుడు, ఎక్కడ అన్నీ ఉన్నాయి. నా “కట్టుకథ” అన్న మాటలో ఏమీ లేదు. నమ్మిన ముక్క నుంచి ఎలా ‘ట’ రాలిపోయిందో, కొట్టేసిన ముక్క నుంచీ అలాగే రాలిపోయింది. “అదంతా అబద్ధమట” అని కదా నేను రాయాల్సింది!

స్ట్యూక్లీని ఇక్కడితో వదిలేసేవాణ్ణే. కానీ ఆయన గురించి చదువుతుంటే ఇంకో ఉత్తరం తగిలింది. 1754లో రాసింది. బ్రిటన్‌లో రోమన్లు కట్టిన ఎనభై మైళ్ళ హేడ్రియన్ గోడ గురించి చెబుతూ, దీన్ని మించింది చైనా గోడ ఒక్కటే, అది చంద్రుడి నుంచి కూడా కనిపించవచ్చు అని రాశాడు. చదివి కుర్చీలో వెనక్కి వాలాను. చిన్నప్పటి నుంచీ మనం బట్టీపట్టిన ముక్క! చంద్రుడి మీద మనిషి కాలు పెట్టడానికి 215 ఏళ్ళ ముందు ఒకాయన గోడ పొడవు చూసి మురిసిపోయి వేసిన అంచనా అది. మనిషి చంద్రుడి దాకా వెళ్ళకముందే చంద్రుడి నుంచి ఏం కనిపిస్తుందో మనకి తెలిసిపోయింది.

నిజానికి లెక్క వేసుకోవడం ఎంతసేపు? గోడ పొడవు వేల కిలోమీటర్లు కావచ్చు, వెడల్పు కొన్ని మీటర్లే. ఉదారంగా 10 మీటర్లు అనుకుందాం. చంద్రుడు సగటున 3,84,400 కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు. అక్కడి నుంచి 10 మీటర్ల గోడని చూడటమంటే తలవెంట్రుకని రెండున్నర కిలోమీటర్ల అవతల నుంచి చూడటం. వెంట్రుక ఎంత పొడుగున్నా సరే. చంద్రుడి దాకా ఎందుకు, 2003లో చైనా మొదటి వ్యోమగామి యాంగ్ లివెయ్ భూమికి కొన్ని వందల కిలోమీటర్ల పైనుంచే చుట్టి వచ్చి, గోడ కనిపించలేదని చెప్పాడు.

ఇద్దరు స్ట్యూక్లీలు లేరు. ఒకే మనిషి, ఒకే కలం, రెండేళ్ళ తేడా. ఒకటి తన చెవులతో విన్నది, తేదీతో సహా రాసిపెట్టాడు. ఇంకొకటి ఉత్సాహంలో ఊహించింది. ఆయన రాతలో రెండింటికీ తేడా తెలుస్తూనే ఉంది, ‘కనిపించవచ్చు’ అనే అన్నాడు. చేతులు మారి మన దాకా వచ్చేసరికి ఊహ నిజమై కూర్చుంది, విన్నది కట్టుకథ అయింది. ఎవరి మాట నమ్మాలి అన్న ప్రశ్నకి మనం సాధారణంగా ‘పెద్దవాళ్ళ మాట, చదువుకున్నవాళ్ళ మాట’ అంటాం. స్ట్యూక్లీ చదువుకున్నవాడే. మనిషిని చూసి కాదు, ఆ మాట ఆయనకి ఎలా తెలిసిందో చూసి నమ్మాలని నాకు అప్పుడు తట్టింది.

తేదీల దగ్గర ఇది ఇంకా తమాషాగా ఉంటుంది. తేదీ కదా, అంకె కదా, అందులో ‘ట’ ఏముంది అనుకుంటాం. ‘గెలీలియో చనిపోయిన ఏడాదే న్యూటన్ పుట్టాడు’ అన్నది నా బోర్డు మీద అందరికీ నచ్చిన ముక్కల్లో ఒకటి. దీపం ఆరగానే ఇంకో దీపం వెలిగినట్టు ఉంటుంది. గెలీలియో పోయింది 1642 జనవరి 8. న్యూటన్ పుట్టింది 1642 డిసెంబర్ 25. బాగానే ఉంది. కానీ గెలీలియో తేదీ ఇటలీ క్యాలెండర్‌ది, న్యూటన్ తేదీ ఇంగ్లండ్ క్యాలెండర్‌ది. ఇటలీ 1582లోనే కొత్త గ్రెగోరియన్ క్యాలెండర్‌కి మారింది, అక్టోబర్ 4 తర్వాత రోజు 15. ఇంగ్లండ్ 1752 దాకా పాత దాన్నే పట్టుకుని వేలాడింది. ఆ రోజుల్లో రెండింటికీ పది రోజుల తేడా. ఇద్దరినీ కొత్త క్యాలెండర్‌లో పెడితే గెలీలియో పోయింది 1642లో, న్యూటన్ పుట్టింది 1643 జనవరి 4న. ఇద్దరినీ పాతదాంట్లో పెడితే గెలీలియో పోయింది 1641 డిసెంబర్ 29న, న్యూటన్ పుట్టింది 1642లో. ఏ ఒక్క క్యాలెండర్‌లోనూ ఇద్దరూ ఒకే ఏడాదిలోకి రారు! ఒకరి తేదీ ఇక్కడి నుంచి, ఇంకొకరిది అక్కడి నుంచి ఏరుకుంటేనే దీపం వెలుగుతుంది. ముక్క అందంగా ఉంటే దాని అతుకు ఎక్కడుందో వేళ్ళతో తడిమి చూడాలని ఇది నేర్పింది. షేక్‌స్పియర్, స్పెయిన్ రచయిత సెర్వాంటెస్ ఒకేరోజు పోయారన్న ముక్కకీ ఇదే జబ్బు, ఇద్దరి మధ్యా పది రోజులకి పైనే తేడా ఉంది.

ముక్కల్లో రాలిపోయేది ‘ట’ ఒక్కటే కాదు. దానికంటే ముందు ‘లేదా’ రాలిపోతుంది. గోడౌన్ అనే మాట తీసుకోండి. అది ఇంగ్లిషు నుంచి మనకి వచ్చింది. ఇంగ్లిషుకి మలయ్ భాషలోని ‘గుదాంగ్’ నుంచి, బహుశా పోర్చుగీసువాళ్ళ మీదుగా వెళ్ళింది. మలయ్‌కి ఎక్కడి నుంచి వెళ్ళింది? ఇంగ్లిషు నిఘంటువులు తెలుగు ‘గిడ్డంగి’ లేదా తమిళ ‘కిడంగు’ అంటాయి. ఓడల్లో సరుకుతో పాటు మాట కూడా వెళ్ళి, సముద్రాలు తిరిగి, వేషం మార్చుకుని వచ్చి గిడ్డంగి పక్కనే గోడౌన్‌గా కూర్చుంది. ఎంత బాగుంది! ఇది తెలుగువాళ్ళ చేతిలో పడగానే ఆ ‘లేదా తమిళ కిడంగు’ ఎగిరిపోతుంది. తమిళుల చేతిలో పడితే మన గిడ్డంగి ఎగిరిపోతుందని వేరే చెప్పాలా. నా మట్టుకు ఆ ‘లేదా’ ఉంటేనే కథ పెద్దది. రెండు భాషలూ ఒక ఇంటివి, ఏ గదిలోంచి బయటికి వెళ్ళిందో చెప్పడం కష్టమయ్యేంత దగ్గరివి అని ఆ ‘లేదా’ చెబుతోంది. జోన్స్ ‘బహుశా’ కూడా ఈ కోవలోదే. రెండు శతాబ్దాల కిందటి మాటని ఇవాళ కూడా తలెత్తుకుని నిలబెట్టింది అదే.

అలాగని అన్నిటికీ ‘ట’ తగిలించి చేతులు దులుపుకోమని కాదు. ‘ట’కి ఇంకో ముఖం ఉంది, అది మనందరికీ తెలుసు. “వాళ్ళమ్మాయి ఏదో చేసిందట” అని ఊరంతా తిప్పేవాళ్ళు కూడా ఈ అక్షరం చాటునే దాక్కుంటారు. నిలదీస్తే, నేనన్నానా, ఎవరో అన్నారు అంతే అంటారు. పేపర్లలో ‘భోగట్టా’, ‘వినికిడి’, ‘తెలిసింది’ అన్నవి చాలాసార్లు చేసే పని కూడా ఇంతే. తెలుగు ‘ట’లో ఉన్న లోపం ఏమిటంటే, అది ఎవరో అన్నారని చెబుతుంది గానీ ఎవరన్నారో చెప్పదు. ఆ రెండో సగం మనమే పూరించాలి. పెద్దాయన నన్ను అడిగింది అదే కదా, ఎవరు చెప్పారో కనుక్కుని చెప్పండి అని. తప్పు అనలేదు, ఒప్పు అనలేదు.

ఇక ‘ట’ అసలు అక్కర్లేని ముక్కలు కొన్ని ఉంటాయి. అవి దొరికిన రోజు నాకు పండగే. వారాల పేర్ల వరస అలాంటిది. మన వారాలూ యూరప్ వారాలూ ఒకే గ్రహాల మీద నడుస్తాయి. మంగళవారం ఫ్రెంచివాళ్ళకి మార్స్ పేరు మీద మార్దీ, బుధవారం మెర్క్యురీ పేరు మీద మెర్‌క్రెదీ. మన శనివారమే ఇంగ్లిషులో శాటర్న్ రోజు. (ఆదివారంలో ‘ఆది’ అంటే మొదటిదని నేను పెద్దయ్యేదాకా అనుకున్నాను. అది ఆదిత్యవారం. రవివారం, భానువారం అన్న పేర్లు చూసైనా తెలియాల్సింది.) సరే, పేర్లు కలిశాయి. కానీ సూర్యుడు, చంద్రుడు, కుజుడు, బుధుడు, గురుడు, శుక్రుడు, శని అన్న ఈ వరస ఎక్కడిది? దూరం వరస కాదు, వెలుగు వరస కాదు.

వేళ్ళ మీద లెక్కపెట్టండి. ఆకాశంలో నెమ్మదిగా కదిలేదాని నుంచి వేగంగా కదిలేదాని దాకా పాతవాళ్ళు పెట్టుకున్న వరస ఇది: శని, గురుడు, కుజుడు, సూర్యుడు, శుక్రుడు, బుధుడు, చంద్రుడు. రోజుకి 24 గంటలు. ఒక్కో గంటకి ఒక్కో గ్రహం అధిపతి, వరసలో. మొదటి గంట ఎవరిదైతే ఆ రోజు వాళ్ళది. శనివారం మొదటి గంట శనిది. ఏడేసి చొప్పున మూడు చుట్లు తిరిగితే 21 గంటలు అయిపోతాయి. 22వది మళ్ళీ శని, 23 గురుడు, 24 కుజుడు. రోజు అయిపోయింది. మర్నాడు మొదటి గంట? సూర్యుడిది. ఆదివారం. సూర్యుడి నుంచి మళ్ళీ ఇలాగే తిరగండి: 22 సూర్యుడు, 23 శుక్రుడు, 24 బుధుడు, మర్నాడు చంద్రుడు. సోమవారం. చివరిదాకా వెళ్ళండి, వారం మొత్తం వరసగా వచ్చి నిలబడుతుంది.

రోమన్ చరిత్రకారుడు డియో కాసియస్ ఈ లెక్కని రాసిపెట్టాడు. కానీ ఆయన పేరు చెప్పకపోయినా నష్టం లేదు, నన్ను నమ్మకపోయినా నష్టం లేదు. లెక్క మీ వేళ్ళ మీదే ఉంది. ఇది బోర్డు మీద పెట్టిన రోజు లిఫ్టు మూడుసార్లు ఖాళీగా వెళ్ళింది. జనం గుంపుగా నిలబడి వేళ్ళు మడుస్తున్నారు. పెద్దాయన కూడా ఉన్నారు. ఆయన చంద్రుడి దగ్గర తప్పి, మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టారు.

ఈ గంటల లెక్కని మన జ్యోతిష గ్రంథాలు హోర అంటాయి. ఏడు గ్రహాల వారం మన నేల మీద శాసనాల్లోకి ఎక్కింది గుప్తుల కాలంలో. మధ్యప్రదేశ్‌లోని ఏరణ్‌లో ఉన్న 484 నాటి స్తంభ శాసనంలో గురువారాన్ని ‘సురగురు’ పేరుతో చెప్పారు, వారం పేరు కనిపించే మన పాత శాసనాల్లో అది ముఖ్యమైనది. హోర అనేది గ్రీకు మాట. అక్కడి నుంచి ఇటు మన హోరగానూ, అటు లాటిన్, ఫ్రెంచి మీదుగా ఇంగ్లిషు ‘అవర్’ గానూ వెళ్ళింది. కేంద్రం కూడా అంతే, గ్రీకు ‘కెంట్రాన్’. కేంద్రం, సెంటర్ రెండూ ఒకటే మాట. నెలల పేర్లు మన నుంచి వెళ్ళాయని మురిసిపోయిన వాణ్ణి, గంట పేరు వాళ్ళ నుంచి వచ్చిందని తెలిసి ఏమీ చిన్నబుచ్చుకోలేదు. అప్పటికి పెద్దాయన ఆ మాత్రం మార్చేశారు నన్ను.

అయితే హోరకి ఇంకో వ్యుత్పత్తి కూడా చెబుతారు. అహోరాత్రంలో ముందున్న ‘అ’, చివరున్న ‘త్ర’ తీసేస్తే హోరా మిగులుతుంది కదా, అందుకని. దీనికి ప్రమాణంగా వరాహమిహిరుణ్ణి చూపిస్తారు. చూశాను. ఆరో శతాబ్దం జ్యోతిష పండితుడు, ఆయన రాసిన బృహజ్జాతకం మొదటి అధ్యాయంలోనే ఉంది: “హోరేత్యహోరాత్రవికల్పమేకే”. ముందు వెనక అక్షరాలు లోపించి అహోరాత్రమే హోర అయిందని ‘ఏకే’ అంటారు. ఏకే అంటే కొందరు. కొందరు అంటారట! పద్నాలుగు వందల ఏళ్ళకి ముందే, ఛందస్సులో బిగించి రాస్తూ, ఒక్క అక్షరానికి చోటు దొరకడం కష్టమైన చోట కూడా ఆ మహానుభావుడు ‘ట’కి చోటు పెట్టాడు. ఈ వ్యుత్పత్తిని ఆయన పేరు మీద చెప్పేవాళ్ళు వదిలేసేది సరిగ్గా ఆ రెండు అక్షరాలే.

పెద్దాయన రిటైరయ్యారు. నేను కూడా ఇంకో అంతస్తుకి మారాను, బోర్డు కొత్తగా వచ్చిన పిల్లల చేతికి వెళ్ళింది. బాగా రాస్తున్నారు, నాకంటే దస్తూరీ కూడా బాగుంటుంది. మొన్న ఏదో పని మీద ఆ అంతస్తుకి వెళ్తే లిఫ్టు పక్కన ఇలా ఉంది: “హోర అనే మాట అహోరాత్రం నుంచి వచ్చింది.”

చుట్టూ ఎవరూ లేరు. మార్కరు తీసి ‘వచ్చింది’ పక్కన ‘ట’ పెట్టాను. ఇరుకుగా, కొంచెం వంకరగా వచ్చింది. వ్యాకరణం కోసం ముందున్న ‘ది’కి గుడి చెరిపేయాల్సి వచ్చింది, అదీ సరిగ్గా కుదరలేదు.

మర్నాడు ఆ పని మీదే మళ్ళీ వెళ్ళాను. పని లేకపోయినా వెళ్ళేవాణ్ణే లెండి. నా ‘ట’ కింద ఎవరో ఆకుపచ్చ మార్కరుతో రాశారు: “ఎవరన్నారు?”

బోర్డు మీద చోటు తక్కువగా ఉంది. మూలకి జరిగి, చిన్న అక్షరాలతో ‘వరాహమిహిరుడు’ అని మొదలుపెట్టాను. ‘కొందరు’ దగ్గరికి వచ్చేసరికి లిఫ్టు వచ్చింది. ఎక్కలేదు.